సీసపు పొలం

అక్కా,

నీకు ఉత్తరం రాసి పదేళ్ళు దాటి ఉంటుంది. చేతిలో ఫోన్ పెట్టుకుని ఇదేం చాదస్తం అనుకుంటావు. ఫోన్లో చెబితే నువ్వు వద్దంటావు. నీ గొంతు విన్నానంటే నేను ఆగిపోతాను. అందుకే రాస్తున్నాను. ఇది నీకు అందేసరికి నేను చెయ్యదలచుకున్నది చేసేసి ఉంటాను.

నాన్న పొలం దొరికింది.

ఈ మాట ఇంకెవరితో అన్నా ఎన్నెకరాలని అడుగుతారు. నీకు చెప్పనక్కర్లేదు. నాన్న రిపేరు కొట్లో బల్ల వెనక గోడకున్న అద్దాల బీరువా, అందులో మూడు అరల నిండా బొటనవేలంత సీసపు బొమ్మలు. ఆవులు, దూడలు, నాగలి లాగే గుర్రాలు, పీట మీద కూర్చుని పాలు పితికే మనిషి, కంచె ముక్కలు, కోళ్ళు. అన్నీ కలిపి నలభై ఏడు. కాలు విరిగినవీ తల ఊడినవీ పాతసామాన్ల వాళ్ళ దగ్గర ఏరుకొచ్చి, సోల్డరింగు చేసి, సన్న కుంచెతో రంగు దిద్దేవాడు. నేను బడి నుంచి వచ్చి స్టూలెక్కి చూస్తుంటే, "చిన్నోడా, ఊపిరి గట్టిగా వదలకు, రంగు ఆరలేదు" అనేవాడు. ఆరేళ్ళప్పుడు నేనొక బొమ్మను కింద పడేశాను. విత్తనాలు చల్లే మనిషి. కుడిచెయ్యి భుజం దగ్గరికి విరిగిపోయింది. వీపు చీరేస్తాడనుకున్నాను. నాన్న నవ్వి, రాగితీగ పెట్టి చెయ్యి అతికాడు. నీలం రంగు అయిపోయిందని కిటికీ చట్రానికి వెయ్యగా మిగిలిన పచ్చరంగు పూశాడు. ప్రపంచంలో ఒక చెయ్యి నీలం, ఒక చెయ్యి పచ్చ ఉన్న రైతుబొమ్మ అదొక్కటే.

నా ఇంట్లో ఇప్పుడు మూడొందల పైచిలుకు సీసపు పశువులున్నాయి. నాకు బొమ్మల పిచ్చి అని అందరూ అనుకుంటారు. "ఈ ఇంట్లో మనుషులకంటే పశువులకే మర్యాద ఎక్కువ" అని నీ మరదలు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. దానిక్కూడా నేను నిజం చెప్పలేదు. నేను పోగు చెయ్యడం లేదక్కా, వెతుకుతున్నాను. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి సంతలో, ప్రతి పాతసామాన్ల కొట్లో ఆ పచ్చ చెయ్యి కోసమే చూస్తున్నాను. అది ఎవడి దగ్గరుంటే వాడే నాన్నను చంపినవాడు.

ఆ రోజు నువ్వూ అమ్మా ఊళ్ళో మరో మూలనున్న ఆస్పత్రిలో ఉన్నారు. బస్సు తలుపులో పడి అమ్మ చెయ్యి నలిగిందని తర్వాత చెప్పారు. నేను నాలుగింటికి బడి నుంచి నేరుగా కొట్టుకి వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరితే కాలిన చెక్క వాసన. సోల్డరింగు కడ్డీ బల్లమీదే ఉండిపోయి చెక్కను కాల్చేస్తోంది. ముందు దాని ప్లగ్గు పీకాను. తర్వాత నాన్నను చూశాను. బోర్లా పడి ఉన్నాడు. బూట్ల కింద గాజుపెంకులు కరకరలాడాయి. నిద్రపోయాడనుకుని తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. వెనకవైపు నా వేళ్ళు లోపలికి దిగిపోయాయి. అక్కా, ఆ మెత్తదనం ఇప్పటికీ నా వేళ్ళకు తెలుసు. తలమీద మూడు సుత్తి దెబ్బలని డాక్టరు రాశాడు. బీరువా ఖాళీ. ఆ బొమ్మల కోసం పిచ్చెక్కినవాడెవడో చేసిన పని అన్నారు పోలీసులు. ఎవడో అన్నదగ్గరే ఆగిపోయారు.

పోయిన శనివారం బడి హాల్లో పాత బొమ్మల సంత జరిగింది. రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన మూల బల్లమీద తన బొమ్మలు పరిచి "అమ్మకానికి కాదు" అని అట్ట పెట్టుకుని కూర్చున్నాడు. వాటి మధ్య పచ్చ చెయ్యి. చేతిలోకి తీసుకుని భుజం గోకి చూశాను. రాగితీగ మెరిసింది.

"ఇది ఎక్కడ దొరికింది మాస్టారూ?"

"చాలా ఏళ్ళయింది బాబూ. ఎక్కడో కొన్నాను."

"ఎవరి దగ్గర?"

"గుర్తులేదు." అంటూనే బొమ్మను నా చేతిలోంచి లాగేసుకున్నాడు.

పక్కనున్న కోడిపిల్లను ఏ ఏడాది, ఏ వీధిలో, ఎవరి దగ్గర కొన్నాడో పది నిమిషాలు చెప్పిన మనిషి, దీని దగ్గరికి వచ్చేసరికి గుర్తులేదన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

పోలీసులకు చెప్పొచ్చు కదా అంటావు. చెప్పాను. "బొమ్మ చొక్కా రంగు చూసి హంతకుణ్ణి పట్టుకోమంటావా? వెళ్ళి లిఫ్టులు బాగుచేసుకోవయ్యా" అని నవ్వి పంపించారు. ఆదివారం పొద్దున వాడింటికి వెళ్తున్నాను. అడ్రసు కనుక్కున్నాను. పనిముట్ల సంచిలో అన్నిటికంటే పెద్ద స్పానరు పెట్టుకున్నాను. నన్ను ఆపలేకపోయానని బాధపడకు. ఆపే అవకాశం నీకు నేనే ఇవ్వలేదు.

నీ చిన్నోడు

*

అక్కకు,

ఇక్కడ జైల్లో కాగితాలు పొదుపుగా ఇస్తారు, అక్షరాలు ఇరుకైతే ఏమీ అనుకోకు. నన్ను చూడటానికి నువ్వు రెండుసార్లు వచ్చావని చెప్పారు. నేనే రానన్నాను. నీ ముఖం చూసి ఇది చెప్పలేను. రాయడమైతే కుదురుతుంది.

పది గంటలకు తలుపు కొట్టాను. ఆయనే తీశాడు. చేతికి రంగు మరకలు, ముక్కుమీదికి జారిన కళ్ళద్దాలు. గుర్తుపట్టి, "నువ్వా బాబూ, రా, టీ పెడతాను" అన్నాడు. గది నిండా అద్దాల అరలు. నేను టీ వద్దని బీరువా దగ్గర నిలబడ్డాను. విత్తనాల మనిషే కాదు, అందరూ ఉన్నారు. పాలు పితికేది, కుంటిగుర్రం, కొమ్ము అరిగిన ఆవు. నా చిన్నతనమంతా ఆ ముసలివాడి గోడకు వరసగా నిలబడి ఉంది.

"ఇవి ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పండి మాస్టారూ. మీరు చెప్పేదాకా వెళ్ళను" అన్నాను.

ఆయన తన టీకప్పు బల్లమీద పెట్టాడు. "ఆ సంగతి వదిలెయ్ బాబూ. చచ్చిపోయినవాళ్ళ గొడవ ఇప్పుడెందుకు?"

"ఎవరో చచ్చిపోయారని నేను చెప్పలేదే!"

ఆయన తలుపు వైపు చూశాడు. అంతే. సంచి జిప్పు తీసింది గుర్తుంది. మొదటి దెబ్బ దవడ మీద పడింది. పళ్ళు నేలమీద రాలిన చప్పుడు విన్నాను. ఆయన అరవలేదు, ఆశ్చర్యపోయినట్టు చూశాడు. ఆ చూపు మీదే రెండోది కొట్టాను. కళ్ళద్దం ముక్క కంట్లోకి దిగింది. కిందపడి బల్ల కిందికి పాకుతుంటే కాలు పట్టి ఇవతలికి లాగాను. మోకాలి మీద కొట్టాను. బొమ్మలు పట్టుకునే కుడిచేతి మీద, నాకు చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాను. "చెప్పు, చెప్పు" అంటున్నాను కానీ, చెప్పడానికి ఆ నోట్లో ఏం మిగిల్చానని? ఒక్కమాట మాత్రం అన్నాడు. నెత్తుటి నురగలోంచి, "ఆడపిల్ల... ఆడపిల్ల ఇచ్చింది" అన్నాడు. ఏ ఆడపిల్ల? సుత్తితో మనిషి తల పగలగొట్టి బీరువా ఊడ్చుకెళ్ళినవాడు ఆఖరికి ఆడపిల్ల మీదికి తోస్తాడా? దానికి ఇంకా కొట్టాను. అబద్ధానికి వేరుగా కొట్టాను.

కింది వాటాలో కుట్టుమిషను ఆగిపోవడం వినబడింది. ఆ ఇంటావిడ పైకి వచ్చి గుమ్మంలో కూలబడి కేకలు పెట్టింది. నేను పారిపోలేదు. బీరువా తెరిచి నాన్న బొమ్మలు ఒక్కొక్కటే తీసి నేలమీద వరసపెట్టాను. నలభై ఒకటి లెక్క తేలాయి. ఆరు తగ్గాయి. ఆ ఆరు ఎక్కడ దాచావని మళ్ళీ ఆయన వైపు తిరిగాను చూడు, అప్పటికి ఆయనకు తెలివి లేదు. పోలీసులొచ్చేసరికి ఆవుకాలికి అంటిన రక్తం చొక్కాతో తుడుస్తున్నానట. నాకది గుర్తులేదు.

ముసలాయన బతికే ఉన్నాడట. చావాలని కోరుకున్నాను. ఇప్పుడు ఏం కోరుకోవాలో తెలియడం లేదు. లోపల చల్లబడుతుందని ఇరవై ఆరేళ్ళు ఎదురుచూశాను అక్కా. ఏమీ చల్లబడలేదు. అన్నం పళ్ళెం ముందు కూర్చుంటే చేతి పిడికిలి విచ్చుకోవడం లేదు, పక్కవాడు వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. నేను చేసింది న్యాయమేనని నువ్వొక్కదానివి రాయి. ఇంకెవరి మాటా నాకు అక్కర్లేదు.

నీ తమ్ముడు

*

చిన్నోడికి,

నీ మొదటి ఉత్తరం సోమవారం అందింది. కర్టెను గుడ్డ కత్తిరిస్తున్న కత్తెర పక్కన పెట్టి, కవరు చించి చదివాను. నీకు ఫోన్ చేస్తే ఎవరో పోలీసు ఎత్తాడు. ఒక్కరోజు ముందు అంది ఉంటే అని అనుకోవడానికి కూడా నాకు హక్కు లేదు. నాకు ఇరవై ఆరేళ్ళ టైము దొరికింది.

న్యాయమేనని రాయమన్నావు. కూర్చుని చదువు. మధ్యలో చింపెయ్యకు.

మాస్టారు అబద్ధం చెప్పలేదు. ఆ ఆడపిల్లను నేనే.

నాన్న నిన్నెప్పుడూ కొట్టలేదు. అది నిజం, నీ దగ్గర్నుంచి దాన్ని లాక్కోను. కానీ నువ్వు బడికి వెళ్ళాక ఆ కొట్టు వెనకగదిలో ఏం జరిగేదో నీకు తెలియదు. నా భుజాల మీద మచ్చలు ఇస్త్రీపెట్టెవి అని చెప్పాను నీకు. సోల్డరింగు కడ్డీవి. అమ్మకు ఎడమచెవి వినబడకపోవడం పుట్టుకతో వచ్చింది కాదు. రంగు పల్చగా కలిపినందుకు ఒకసారి, నవ్వినందుకు ఒకసారి, నవ్వనందుకు ఇంకోసారి. నువ్వు వచ్చే వేళకు ముఖాలు కడుక్కుని, నేల తుడిచేసేవాళ్ళం. కుంచె పట్టుకుని కూర్చున్న మంచి నాన్న నీకు కనబడేవాడు. పిల్లాడికైనా ఒక తండ్రి ఉండనీ అనేది అమ్మ.

నాకు పంతొమ్మిది వచ్చాయి. మనం ముగ్గురం వెళ్ళిపోదామని వేరే ఊళ్ళో గది చూశాను. అడ్వాన్సుకు డబ్బు లేదు. నాన్న సరుకు తేవడానికి వెళ్ళినరోజు బీరువాలోవన్నీ పాతచీరలో మూటగట్టి మాస్టారికి అమ్మాను. ఆయన అప్పుడు నాకు బడిలో డ్రాయింగు చెప్పిన కుర్ర మాస్టారు. ఆరు బొమ్మలు దారిలో చీర చిరుగులోంచి జారిపోయాయి. నువ్వు ఆయన్ని అడిగిన ఆరూ అవే. "ఎవరికీ చెప్పకండి సార్, మా నాన్నకు తెలిస్తే చంపేస్తాడు" అని ఏడ్చాను. సరేనన్నాడు. రెండు రోజులకు పేపర్లో హత్య సంగతి చూసి, నోరు విప్పితే తనమీదికో నామీదికో వస్తుందని భయపడ్డాడో ఏమో, ఊరుకున్నాడు. నాకిచ్చిన మాట అలా నిలబెట్టుకున్నాడు.

బొమ్మలు అమ్మిన మర్నాడు మధ్యాహ్నం నేను అన్నం క్యారేజీ పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. లోపల్నుంచి ఒక చప్పుడు. జంతువు చేసే చప్పుడది, మనిషిది అనుకోలేదు. నాన్న బీరువా ఖాళీగా ఉండటం చూశాడు. ఎవరు తీశారని అమ్మను అడిగాడు. "నేనే అమ్మేశాను" అంది అమ్మ. నా బదులు అంది. అమ్మ కుడిచెయ్యి, ముక్కలు కదలకుండా బిగించే ఇనుప వైసులో పెట్టి నాన్న దాని పిడి తిప్పుతున్నాడు. తొందరేమీ లేదు, మెల్లగా తిప్పుతున్నాడు. వేళ్ళ చివర్లు నల్లబడ్డాయి.

"నాన్నా, అమ్మ కాదు, నేను. నేను అమ్మాను" అని అరిచాను.

వెనక్కి చూడకుండా, "తెలుసు. నీ వంతు దీని తర్వాత" అన్నాడు, ఇంకో చుట్టు తిప్పాడు. ఎముక విరిగింది. నేను విన్నాను.

సుత్తి బల్లమీదే ఉంది. మొదటి దెబ్బ ఆయన్ని ఆపడానికి కొట్టాను. రెండోది, లేస్తాడేమోనని భయంతో కొట్టాను. మూడోది అక్కర్లేదు చిన్నోడా. అప్పటికే కదలడం లేదు. మూడోది నాకు కావాలని కొట్టాను. ఈ ముక్క ఇన్నేళ్ళలో అమ్మకు కూడా చెప్పలేదు.

వైసు విప్పి చెయ్యి తీశాను. బీరువా అద్దం పగలగొట్టమని అమ్మే చెప్పింది, అంత నొప్పిలోనూ. బస్సు తలుపు అని చెబుతూ దూరంగా ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడ ఆలస్యమైపోయింది. నువ్వు బయల్దేరేలోపు బడి గేటు దగ్గరుండి ఆపాలనుకున్నాను, పరుగెత్తుకుంటూ వచ్చాను. అప్పటికి నువ్వు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నావు. నన్ను చూసి, "అక్కా, నాన్న లేవట్లేదు" అన్నావు. నేను చేసిన హత్య కంటే అది పెద్ద పాపం. చిన్నోడికి చెప్పనని అమ్మ ఒట్టు వేయించుకుంది. అమ్మ పోయాకైనా చెప్పాల్సింది. నువ్వు బొమ్మలు పోగుచేస్తుంటే, ఆడుకుంటున్నావులే అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. నీ పుట్టినరోజులకు గొర్రెనో బాతునో వెతికి పంపాను, వాటి మోజులో ఆ రోజు మర్చిపోతావని.

నిన్న ఆస్పత్రికి వెళ్ళాను. మాస్టారికి ఎడమకన్ను పోయింది. కుడిచెయ్యి ఇక కుంచె పట్టదన్నారు. దవడకు తీగలు. పలక మీద ఎడమచేత్తో రాసి చూపిస్తున్నాడు. నేనెవరో చెప్పాను, జరిగిందంతా చెప్పాను. ఆయన పలక తుడిచాడు. తర్వాత, "అయితే ఈ దెబ్బలు నీవి" అని రాశాడు.

"అవును సార్" అన్నాను.

ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నర్సు వచ్చి వెళ్ళమనేదాకా నిలబడే ఉన్నాను, మళ్ళీ ఇటు తిరగలేదు.

రేపు పదింటికి స్టేషనుకు వెళ్తున్నాను. అక్కడ ఇవ్వడానికి అంతా రాసిపెట్టుకున్నాను. తిరిగి ఇంటికి పంపరని లాయరమ్మ చెప్పింది. నా కర్టెన్ల కొట్టు తాళాలు పక్కకొట్టు ఆవిడకిచ్చేశాను. నన్ను క్షమించమని రాయడం లేదు. నువ్వు న్యాయం అడిగావు, నా దగ్గరున్నది ఇదే.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం చదివి గోడను కొట్టాను. రెండు వేళ్ళు విరిగాయి, కట్టు కట్టారు. అందుకే రాత ఇలా ఉంది. నీకు ఒక్క అక్షరం రాయకూడదని పదకొండు రోజులు పట్టుబట్టాను. నాన్న కోసం ఏడవబోతే అమ్మ చెయ్యి గుర్తొస్తుంది. అమ్మ కోసం ఏడవబోతే నన్ను స్టూలెక్కించిన నాన్న గుర్తొస్తాడు. ఎవరికోసమూ సరిగ్గా ఏడవలేకపోతున్నాను.

మూడో దెబ్బ సంగతి నువ్వు రాయకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. రాశావు. కాబట్టి నాదీ ఒకటి రాస్తాను. జడ్జి అడిగినా చెప్పను, నీకే చెబుతున్నాను. మాస్టారు "ఆడపిల్ల" అన్నప్పుడు నాకు నువ్వే తోచావు. ఒక్క క్షణం, రెప్పపాటు. క్యారేజీ పట్టుకుని, ఎర్ర రిబ్బనుతో, కొట్టు గుమ్మంలో నువ్వు. అబద్ధం చెబుతున్నాడని కొట్టానని రాశాను కదా. అబద్ధం అయితే అంత గట్టిగా కొట్టేవాణ్ణి కాదు. ఆ మాట ఆయన మళ్ళీ అనకుండా ఉండాలని కొట్టాను.

నా ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ మాస్టారికి ఇచ్చెయ్యమని లాయరుతో చెప్పించాను. "ఇంకొక్క ఆవుబొమ్మ నా గడపలోకి వస్తే బయటికి విసిరేస్తాను" అని రాసి చూపించాడట. నిజమే, ఆయనకు అవి ఎందుకు? ఎవరికి ఎందుకు? కరిగించి ఏ పైపు అతుకుకో వాడుకోమని పాత ఇనుము కొట్టువాడికి చెప్పమన్నాను.

నువ్వు చేసింది తప్పనలేను, ఒప్పనలేను. నా చేత అనిపించకు. నేను చేసింది మాత్రం తప్పేనని రాతపూర్వకంగా ఇచ్చాను. లాయరు తల పట్టుకున్నాడు.

బుధవారం కోర్టుకు ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ ఒకే వ్యానులో తీసుకెళ్తారని ఇక్కడి జమాదారు చెప్పాడు. మధ్యలో ఇనుప జాలీ ఉంటుందట. నువ్వు జాలీ పక్కన సీట్లో కూర్చో. నేను ఇటువైపు కూర్చుంటాను. ఏమీ మాట్లాడకు, నన్ను చూడకు, నేను కూడా నిన్ను చూడలేను. గంట ప్రయాణమట. ఊరికే కూర్చుందాం.

నీ చిన్నోడు